ఆవులప్ప ఇంటి రాయి

ఆవులప్ప మామ ఫోన్ చేసినప్పుడు నేను హొసకోటెలో నా అంగట్లో పైపులు కొలుస్తున్నాను. చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని మాట్లాడాను. అట్లా మాట్లాడితే అవతలివాళ్ళు తొందరగా వదిలేస్తారని నా నమ్మకం. చాలాసార్లు నిజమైంది కూడా.

"సుధీరా, సప్పలమ్మ రాళ్ళు మళ్ళా నిలబెడతాండానప్పా" అన్నాడు.

"మంచిది మామా" అన్నాను. మంచిది అనడానికి నోటికి నొప్పేముంది.

సప్పలమ్మ మా పక్క పశువుల తల్లి. ఆమెకు గుడి లేదు, పైకప్పు లేదు, విగ్రహం కూడా లేదు. గుండ్రంగా పాతిన నిలువు రాళ్ళే ఆమె. మూడేళ్ళకొకసారి ఊరి పశువులన్నిటినీ కడిగి, పసుపు పూసి, ఆ రాళ్ళ చుట్టూ మూడుసార్లు తిప్పి, పొంగలి పెట్టుకునేవాళ్ళం. ఆ పండగనే హబ్బ అనేవాళ్ళం. ఊరంటే పెద్ద ఊరేమీ కాదు. బెంగళూరు అంచున మహదేవపుర వెనక పద్నాలుగు ఇళ్ళు. ఇంటికొక రాయి చొప్పున పద్నాలుగు రాళ్ళు. ఇప్పుడక్కడ అపార్ట్‌మెంట్లున్నాయి, కంపెనీ బస్సులు నిలిచే చోటుంది, కాంపౌండు గోడల వెనక ఈత కొలనులున్నాయి. మేము భూములమ్ముకుని హొసకోటెకు కొందరం, జిగణికి కొందరం, తలా ఒక దిక్కుకు పోయాం.

ఆవులప్ప మాత్రం అక్కడే ఉన్నాడు. నేల మీద ప్రేమతో ఉండిపోయాడని ఎవరైనా చెబితే నమ్మకండి. అమ్ముకోవడానికి ఆయనకు భూమే లేదు. వాళ్ళది ఊరి పశువులు కాసే ఇల్లు. పొద్దున్నే ఇంటింటికీ వచ్చి పశువులను విప్పుకుపోయేవాడు. సాయంత్రం తోలుకొస్తుంటే ఒక్కో ఆవూ తన ఇల్లు రాగానే తనంతట తానే లోపలికి తిరిగేది. ఊరి చివరనున్న తన ఇల్లు చేరేసరికి ఆయన వెంట ఒక్కటీ మిగిలేది కాదు. చిన్నప్పుడు మాకది నవ్వులాట. "మామా, నీ మంద ఏదీ?" అని అరిచేవాళ్ళం. ఆయన చేతికర్ర ఎత్తి చూపించేవాడు.

ఊరు చెదిరిపోయాక ఆయనా, భార్య పుష్పావతీ రెండు ఆవులు కొన్నారు. ఆ ఇంట్లో సొంత ఆవులు అవే మొదలు. పిల్లలు లేరు. పుష్పావతత్త పోయి ఆరేళ్ళయింది. అప్పటినుంచీ ఆయన రెండు పూటలా పాలు పిండి, అపార్ట్‌మెంట్ గేటు దగ్గర సెక్యూరిటీ బల్ల మీద క్యాన్లు పెట్టి వచ్చేస్తాడు. లోపలివాళ్ళకు క్యాన్లు తెలుసు, మనిషి తెలియదు. "దినమంతా నేను నోరు తెరిచేది ఆవులతోనే అప్పా" అని ఒకసారి నాతో అన్నాడు. నేను నవ్వాను. అది నవ్వే మాట కాదని అప్పుడు తోచలేదు.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు జేసీబీ మా రాళ్ళను పెరికి రాజకాలువ అనే పెద్ద మురుగు కాలువ పక్కన పారేసింది. నాలుగేళ్ళు అక్కడే పడి ఉన్నాయి. మాలో ఒక్కడూ పోయి చూసిన పాపాన పోలేదు. ఆవులప్పకు అరవై ఆరేళ్ళు. ఒక గడ్డపార, నాలుగు ఇనుప పైపు ముక్కలు, ఒక మోకు తీసుకుని, ఒక్కో రాయినీ పైపుల మీద దొర్లిస్తూ కాలువ గట్టున మిగిలిన ఖాళీ జాగాకు చేర్చాడు. ఒక్కొక్కటీ రెండు సిమెంటు మూటల బరువు. పొద్దుటి పాలకూ సాయంత్రం పాలకూ మధ్య, ఎండలో, ఒక్కడే చేశాడు. ఏ రాయి ఎవరిదో కూడా ఆయనకే తెలుసు. "మీ రాయి ఒక పక్క నున్నగుంటాది. మీ ఎర్రావు దినమూ ఆడ మెడ రుద్దుకునేది" అని ఫోన్లో చెప్పాడు. మాకొక ఎర్రావు ఉండేదన్న సంగతి నేను మరిచేపోయాను.

ఈ రాళ్ళకొక కట్టుబాటు ఉంది. ఎవరింటి రాయి వాళ్ళు నిలబెట్టుకోకూడదు. ఎడమ పక్కింటివాళ్ళు వచ్చి నిలబెట్టాలి. వాళ్ళు రాలేకపోతే ఊళ్ళో ఇంకొకరికి మాట ఇచ్చి, తమ తరపున నిలబెట్టమని చెప్పవచ్చు. రాయి ఎవరిదో వాళ్ళకు మాత్రం ఆ మాట ఇవ్వకూడదు. నా రాయి నిలబెట్టమని నోరు తెరిచి అడగడం కూడా తప్పే. వంతు ఎవరిదో వాళ్ళకే గుర్తుండాలి. పశువులు చుట్టూ తిరిగేలోగా రాళ్ళన్నీ లేవాలి. తిరిగిన తర్వాత మూడేళ్ళదాకా ఏ రాయినీ కదిలించకూడదు. రాయి నిలబడని ఇంటికి ఆ రోజు పొంగలి ఆకు ఉండదు.

పద్నాలుగు ఇళ్ళలో చివరిది ఆవులప్పది. దానికి ఎడమ పక్క ఇల్లు మాది.

ఇదంతా ఇప్పుడు అచ్చేసినట్టు అప్పజెబుతున్నాను గానీ ఆ రోజు నాకు ఏమీ తెలియదు. మా నాయన కృష్ణప్పకు తెలుసు. ఆయన పోయి పదకొండేళ్ళయింది. ఆయన ఉన్నప్పుడు ఇలాంటివి చెప్పబోతే నేను టీవీ శబ్దం పెంచేవాణ్ణి.

"మీ ఇంటి వంతు ఒక రాయుండాది. ఒక గంట వచ్చిపోతావా అప్పా?" అని అడిగాడు మామ.

"నాకు యాడ తీరుతుంది మామా? అందరివీ నువ్వే నిలబెడతాండావంట గదా. అదీ నువ్వే పెట్టేసెయ్, నా తరపున."

"నేనా?" అన్నాడు.

"నువ్వే మామా. నీకంటే తెలిసినోడు ఎవడుండాడు?"

"సరేలే. మంగళవారం హబ్బ. దానికన్నా రా అప్పా. కొంచెం ముందుగా రా" అని పెట్టేశాడు.

ఆ రాయి ఎవరిదని నేను అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవాడు, అడిగినదానికి జవాబు చెప్పడం తప్పు కాదు. నాకు పైపుల తొందర. ఆయన తనంతట తాను చెప్పలేడు. చెబితే అడుక్కున్నట్టవుతుంది.

మిగతావాళ్ళూ నాకేమీ తీసిపోలేదు. జిగణి నుంచి గంగన్న, మాలూరు రోడ్డు నుంచి వెంకటగిరియప్ప, అందరూ నాకంటే ముందే ఫోన్లో మాట ఇచ్చేశారు. ఆయన రోజుకొకటి చొప్పున పదమూడు రోజుల్లో పదమూడు రాళ్ళు నిలబెట్టాడు. పద్నాలుగోదాన్ని కడిగి, గుంత తవ్వి, గుంత పక్కన పడుకోబెట్టాడు. సోమవారం సాయంత్రం దాకా చూశాడు. మంగళవారం పొద్దున, వచ్చే జనంలో ఎవరి కాలైనా పడుతుందేమోనని గుంత పూడ్చేశాడు.

ముందుగా రమ్మన్నాడని నేను ముందుగా ఏమీ పోలేదు. అందరితో పాటు పదిన్నరకు పోయాను. కార్లు నిలపడానికి చోటు లేక అరగంట తిరిగాం. రాళ్ళు చూస్తే మాత్రం నిజంగా ఒళ్ళు జలదరించింది. సున్నం పూసి, కుంకుమ పెట్టి, తంగేడు పూలు చుట్టి ఉంచాడు. పిల్లలకు ఇది మనది, ఇది మనది అని చూపించుకున్నాం. మా రాయి నున్నటి పక్క నేనూ చేత్తో తడిమాను. తూర్పున ఒకచోట రాళ్ళ మధ్య ఎడం ఎక్కువగా ఉంది. అది వాకిలి అనుకుని అందరం అందులోంచే లోపలికి పోయాం, అందులోంచే బయటికి వచ్చాం. దాని పక్కన ఒక రాయి పడుకోబెట్టి ఉంది. పెద్దవాళ్ళు కూర్చోవడానికి వేసినట్టున్నాడనుకుని నేను కూర్చున్నాను. నడుముకు బాగుంది.

ఆవులప్ప రెండు ఆవులనూ తెచ్చాడు. కొమ్ములకు రంగు, ఒంటికి పసుపు. పలుపు పట్టుకుని నిలబడ్డాడే గానీ కదలలేదు.

"అందరూ వచ్చినట్లేనా?" అన్నాడు. అని నా వైపు చూశాడు. నా వైపే ఎందుకు చూస్తున్నాడో నాకు అర్థం కాలేదు.

"కానీ మామా, ఎండెక్కుతాండాది" అన్నాను.

ఆయన తల ఊపి ఆవులను కదిలించాడు. ఒకప్పుడు అరవై డెబ్బై పశువులు తిరిగితే దుమ్ములో రాళ్ళు కనపడేవి కావు. రెండు ఆవులు మూడు చుట్లు తిరగడానికి ఎంతసేపు పడుతుంది? ఎవరో వీడియో తీస్తూ "అప్పుడే అయిపోయిందా?" అన్నారు.

పొంగలి ఆయనే వండాడు, ఆకులు ఆయనే పరిచాడు. రాయికొక ఆకు. తర్వాత మాకు వడ్డించాడు. సగం తిన్నాక అక్కయమ్మవ్వ వచ్చింది. ఎనభై దాటిన మనిషి, మా ఊళ్ళో బతికున్నవాళ్ళలో పెద్దది. జిగణి నుంచి కూతురు తీసుకొచ్చేసరికి ట్రాఫిక్‌లో ఆలస్యమైంది. ఆమె నిలబడి రాళ్ళ ముందున్న ఆకులు లెక్కపెట్టింది.

"పదమూడే ఉండాయేమిరా?"

"అది వాకిలి అవ్వా" అన్నాడు వెంకటగిరియప్ప, నోట్లో ముద్దతో.

"సప్పలమ్మకు వాకిలేందిరా? పద్నాలుగోది యాడ?"

"ఉండనీలే అవ్వా" అన్నాడు ఆవులప్ప.

ఆమె చూపు నా కిందికి వచ్చింది. "ఆ రాయి మీద కూసునిండేది ఎవురు?"

"కృష్ణప్ప కొడుకు సుధీర్" అని ఎవరో చెప్పారు.

"అది ఆవులప్పోళ్ళ రాయి గదరా. నువ్వే గదా నిలబెట్టాల్సింది" అంది.

లేచాను. ఆకు చేతిలోనే ఉంది. ఆమె కోప్పడలేదు. కట్టుబాటంతా మెల్లగా చెప్పింది. నాకు తెలియని సంగతి ఇంకొకటి కూడా చెప్పింది. మొదట్లో రాళ్ళు పదమూడేనట. సొంత పశువు లేని ఇంటికి రాయెందుకని ఆవులప్ప వాళ్ళ నాయనకు ఎవరూ ఇవ్వలేదు. ఆయన ఊరి పశువులన్నిటినీ తిప్పి, దూరంగా నిలబడేవాడు. ఒక ఏడు మా తాత, ఎవరూ అడక్కుండానే, బండి మీద ఒక రాయి తెచ్చి ఆ ఇంటి పేరున నిలబెట్టాడు.

"ఎవురూ అడక్కూడదనే కట్టు ఆ పొద్దే పుట్టింది. మీ తాతను చూసి పెట్టుకున్నారు" అంది అవ్వ. "మళ్ళా పదమూడే అయినాయి చూడు."

గంగన్న చేయి కడుక్కుని వచ్చి "పట్టండప్పా, అయిదు నిమిషాల పని" అన్నాడు. నలుగురం వంగాం. ఆవులప్ప వచ్చి రాయి మీద చేయి పెట్టాడు.

"వద్దు. ఆవులు తిరిగేసినాయి."

"మూడేండ్లకు నేనే వస్తా మామా. అందరికంటే ముందొస్తా" అన్నాను. నా గొంతు నాకే వినబుద్ధి కాలేదు.

"దసరా దాటినంక ఆవుల్ని ఇచ్చేస్తాండానప్పా. మాట కూడా అయిపోయింది. మోకాళ్ళు పనిచేసేది లేదు. అందుకే ఈ ఒక్కసారి చేద్దామని అందరికీ ఫోన్ చేస్తి."

నిష్ఠూరం లేకుండా చెప్పాడు. నిష్ఠూరమాడి ఉంటే నాకు కొంచెం సులువుగా ఉండేది. ఆవులు లేకుండా సప్పలమ్మ లేదు, సప్పలమ్మ లేకుండా ఆ రాయి లేచేది లేదు. అది అందరికీ అర్థమైంది. ఒక్కొక్కరే కార్ల వైపు నడిచారు. పోతూ పోతూ వాకిలి అనుకున్న చోట అడుగు పెట్టకుండా చుట్టూ తిరిగి పోయారు.

నేను ఉండిపోయాను. ఆయన పొంగలి గిన్నె బోర్లించి ఇసుకతో తోముతున్నాడు.

"నాది అని ఒక్క మాట అనుంటే వచ్చేవాణ్ణి గదా మామా."

"వచ్చేవాడివే" అన్నాడు. "అడిగితే ఎవురైనా వస్తారు." గిన్నె కడిగి నీళ్ళు వంచేశాడు. "పుష్పావతి ఉన్నన్నాళ్ళూ నాకట్లా అనిపించలేదు. అది పోయినంక, నేనుండానని ఎవురికన్నా గుర్తుండాదా అని ఒకటే ఇది. చూద్దామనుకుంటి. అంతే."

కడిగిన గిన్నెలో మిగిలిందేమైనా ఉంటుందా? అయినా చూశాను. లేదు.

"నువ్వు తిన్లేదే" అన్నాను.

"మా ఇంటికి ఆకు లేదు గదప్పా."

గేటు దగ్గర పాలకు టైమైందని ఆవులను తోలుకుని పోయాడు. నేను కారెక్కాను. హొసకోటె చేరేదాకా నాకు ఒకటే గుర్తొచ్చింది. పొంగలి బాగుందని నేను రెండోసారి అడిగి పెట్టించుకున్నాను. ఆయనే వచ్చి వంగి వడ్డించాడు. చాలా, ఇంకొంచెం పెట్టేదా అని కూడా అడిగాడు.