పక్కింటి పెద్దమ్మ తుఫాను చూసే తీరు

భావనపాడులో మా పక్కింట్లో చేపలమ్మే పెద్దమ్మ ఉండేది. టీవీలో తుఫాను వార్త మొదలవగానే మా ఇంటికొచ్చి సౌండు తీయించేసేది. "అరుపులొద్దే, ఆ బొమ్మలో సుడి ఎటు తిరిగిందో సూడు" అనేది.

ఆ ఏడాది ఛానళ్ళు ప్రళయమని అరుస్తుంటే ఊరంతా నవ్వింది. అంతకుముందు రెండుసార్లు అలాగే అరిచారు, చినుకైనా పడలేదు. నాకప్పుడు నెలలు నిండాయి. పెద్దమ్మ టీవీలో సుడి బొమ్మ చూసి, నవ్వకుండా వెళ్ళి ఆటో పిలుచుకొచ్చింది.

"నొప్పులింకా రాలేదు కదా, పెద్దమ్మా!"

"నొప్పులొచ్చీసరికి రోడ్డుండదే. ఎక్కు."

మర్నాడు నిజంగానే రోడ్డు మునిగిపోయింది. టెక్కలి ఆసుపత్రిలో, నాతో వచ్చిన పెద్దమ్మ పక్కనుండగా, నాకు పాప క్షేమంగా పుట్టింది. అంతలో పెద్దమ్మ ఇంటి రేకులు ఎగిరిపోయాయని ఫోనొచ్చింది. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ ఒళ్ళో పాపని దించకుండానే, "పోతే పోనీ, మళ్ళీ ఏసుకుంటాం" అంది.