రాళ్లవాన తర్వాత సుగుణమ్మ తోట

మొన్న సాయంత్రం మేమిప్పుడుండే మోకిలలో రాళ్లవాన, అదే వడగళ్ల వాన, పడింది. పావుగంట కూడా లేదు. వెలిశాక బయటికి వస్తే వీధంతా ఒకటే వాసన. తడిసిన మట్టి వాసన కాదు. ఆకులూ కాడలూ చితికినప్పుడు వచ్చే పచ్చి వాసన, కాస్త చేదుగా, చాలాసేపు ముక్కును వదలదు. పక్కింటివాళ్లు కార్ల అద్దాలు చూసుకుంటున్నారు. నేను గేటు పట్టుకుని నిలబడ్డాను. మనసు మాత్రం మొయినాబాద్‌లో సుగుణమ్మ తోటలో ఉంది. ఆవిడ పోయి నాలుగేళ్లవుతోంది.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మా ఆయనదీ నాదీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే. నగరం హడావిడికి కాస్త దూరంగా ఉందామని, ఏడాది నిండిన మా అమ్మాయితో వచ్చి మొయినాబాద్‌లో ఇల్లు కిరాయికి తీసుకున్నాం. మా ప్రహరీ గోడకు అవతల సుగుణమ్మ పావెకరం తోట. టమాట, వంగ, బెండ, పందిరి మీద చిక్కుడు. ఆవిడ ఉద్యోగకాలమంతా చేవెళ్ల వైపు బస్సుల్లో కండక్టరుగా చేసి రిటైరైంది. బస్సు దిగినా ఆ గొంతు దిగలేదు. తోటలోకి మేకలు వస్తే "దిగుర్రి, దిగుర్రి" అని అరిచేది. మేకలు కూడా ఆ మాట వినేవి.

మొదటిసారి గోడ మీదుగా "గోంగూర ఉందా అండీ?" అని అడిగాను.

"గోంగూర ఏంది? ఇది పుంటికూర. మీ దిక్కు ఏ పేరన్న పెట్టుకోర్రి, పులుపు అయితె మాదే" అంది. నేను నవ్వితే, "అక్కడ నిలబడి నవ్వుడెందుకు, లోపటికి రా బిడ్డా" అని పిలిచింది.

లోపలికి వెళ్లాక నేరుగా బెండ మడి దగ్గరికి తీసుకెళ్లింది. ఆకులన్నీ పసుపు పచ్చగా మారి, కాయలు గిడసబారి ఉన్నాయి. "ఇది మొత్తం పోయింది, చూడు. మందు కొట్టిన, అయినా పోయింది" అని ఒక మొక్క పీకి నా చేతికిచ్చింది. నాకు ఆశ్చర్యం వేసింది. మా ఇళ్లలో ఎవరైనా వస్తే కాసినవి చూపిస్తాం, ఎండినవాటి వైపు వెళ్లనివ్వం. ఆ మాటే అంటే, "కాసింది నీకే కనపడ్తది గద. అది గూడ నేనే చూపియ్యాల్నా?" అంది. నిజం చెప్పాలంటే ఆవిడ గొప్ప రైతేమీ కాదు. ఏటా ఏదో ఒకటి పాడయ్యేది. తిట్టుకునేది, మళ్లీ వేసేది. ఆవిణ్ని నేను పెద్దమ్మా అని పిలవడం ఎప్పుడు మొదలుపెట్టానో గుర్తులేదు.

మూడో ఏడు చలికాలంలో నా ఉద్యోగం పోయింది. మా కంపెనీలో ఒక విభాగం మొత్తాన్నే తీసేశారు, అందులో నేనూ ఒకదాన్ని. మా ఆయనకు తప్ప ఎవరికీ చెప్పలేదు. అప్పటిదాకా మా నాన్నకు కనిపించిన ప్రతివాళ్లకూ నా ఉద్యోగం గురించి చెప్పడం అలవాటు. అత్తగారింట్లో నా మాటకున్న విలువ కూడా ఆ ఉద్యోగంతోనే వచ్చిందని నేననుకునేదాన్ని. ఇంటి నుంచే పని అని అందరికీ చెప్పి, పొద్దున్నే తయారై మేడ మీద గదిలో లాప్‌టాప్ ముందు కూర్చునేదాన్ని. నాన్న ఫోన్ చేస్తే "మీటింగ్‌లో ఉన్నా నాన్నా" అని పెట్టేసేదాన్ని. మధ్యాహ్నం ఆ గదిలో ఊపిరాడక తోటలోకి వెళ్లేదాన్ని. ఈ వేళప్పుడు ఇక్కడేం చేస్తున్నావని సుగుణమ్మ ఒక్కసారీ అడగలేదు. చేతికి బుట్ట ఇచ్చేది. చిక్కుళ్లు తెంపేదాన్ని.

చలి తగ్గింది. టమాటకు అదే చివరి కాపు. వాళ్ల చర్చిలో కోత పండుగ దగ్గర పడుతోంది. ఎవరికి పండింది వాళ్లు తీసుకెళ్లి దేవుడి ముందు పెట్టే పండుగ. దానికోసం ఒక సాలు మొత్తం తెంపకుండా ఉంచింది. నన్నూ రమ్మంది. సరిగ్గా ఆ వారమే, ఒక మధ్యాహ్నం మబ్బు కమ్మి రాళ్లవాన పడింది. మోటారు రేకుల షెడ్డు కింద ఇద్దరం నిలబడిపోయాం. రేకుల చప్పుడుకు ఒకరి మాట ఒకరికి వినపడలేదు. ఆవిడ నా మణికట్టు గట్టిగా పట్టుకుని ఉంది.

వెలిశాక చూస్తే తోటలో నిలువుగా ఉన్న మొక్కే లేదు. పందిరి ఒక పక్కకు ఒరిగింది. వంగ కొమ్మలు చీలిపోయాయి. కాపాడుకుంటూ వచ్చిన టమాటలు బురదలో పగిలి పడున్నాయి. సుగుణమ్మ గట్టు మీద కూలబడి మొహానికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఎంతసేపు ఏడ్చిందో తెలియదు. నేను పక్కన కూర్చున్నాను. తర్వాత ముక్కు తుడుచుకుని లేచి, గేటు దగ్గరికి వెళ్లి రోడ్డు మీద పోయేవాళ్లను పిలిచింది.

"నా తోట మొత్తం పోయింది! వచ్చి చూసిపోర్రి!"

నాకు ఎక్కడికైనా పారిపోవాలనిపించింది. కానీ మనుషులు ఆగారు. షాబాద్ పోతున్న పాలవ్యాన్ అతను దిగి వచ్చాడు. తమ క్యారెట్ కూడా పోయిందని ఎదురింటి ఆవిడ చెప్పి ఆమె కూడా ఏడ్చింది. ఎవరూ చెప్పకుండానే ఇద్దరు పందిరి పట్టుకుని లేపారు. తక్కినవాళ్లు పనికొచ్చే కాయలు ఏరారు. చీకటి పడేవేళకు ఒక బుట్ట నిండింది. దెబ్బలు తగిలి, మచ్చలు పడిన కాయలు.

"చేవెళ్ల మార్కెట్‌లో మంచివి కొనుక్కుని తీసుకెళ్దాం పెద్దమ్మా" అన్నాను.

"కొంటె అది నా పంట ఎట్లయితది?" అని కోప్పడింది.

మర్నాడు కత్తి తీసుకుని విరిగిన వంగ మొక్కల్ని మోకాలి ఎత్తున నరికేసింది. మళ్లీ చిగురిస్తాయా అని అడిగాను. "తెల్వది. వస్తె తిందాం" అంది.

ఆదివారం చర్చిలో గుమ్మడికాయలూ వరి కంకులూ పూలూ పేర్చిన చోట ఆ మచ్చల బుట్ట పెట్టింది. పాస్టరుగారు బుట్ట వైపు చూసి, "సుగుణమ్మా, ఈసారి..." అని ఆగారు.

"ఈసారి ఇంతే అయ్యగారూ. రాళ్లు పడ్డయి. చానా పోయినయి, మిగిలినయి తెచ్చిన" అంది, వెనక వరస దాకా వినపడేలా. కొందరు నవ్వారు. తనూ నవ్వింది. ఆయన ఆ బుట్ట మీద కూడా చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు.

తర్వాత బయట షామియానా కింద భోజనాలు. నా పక్కన కూర్చున్న ఎస్తేరు అనే స్కూల్ టీచరు, "మీరేం జేస్తరు మేడమ్?" అని మామూలుగా అడిగింది. రోజూ చెప్పే జవాబు నోటిదాకా వచ్చింది. ఎందుకో అది చెప్పలేకపోయాను.

"ఉద్యోగం పోయిందండీ. రెండు నెలలైంది" అన్నాను.

 ఎస్తేరు పప్పు గిన్నె అందుకుంటూ, "అయ్యో. మా తమ్మునిది గూడ పోయినేడు గిట్లనే పోయింది. మల్ల దొరికింది తియ్యి. పప్పు ఏసుకుంటరా?" అంది. అంతే. కింద భూమి పగలలేదు. నేను పప్పు వేసుకుని తిన్నాను.

తిరిగి వస్తూ ఆటోలో అడిగాను, "పెద్దమ్మా, మీకు ముందే తెలుసు కదా?"

"ఇన్నేండ్లు బస్సుల మొఖాలు చూసినదాన్ని. తెల్వదా?"

"మరి ఎందుకు అడగలేదు?"

"టికెట్ లేనోన్ని నలుగుర్ల అడిగితె తల దించుకుంటడు బిడ్డా. వాడే లేసొచ్చి చెప్తడేమోనని జర చూస్త."

ఆ సాయంత్రమే నాన్నకు ఫోన్ చేసి చెప్పాను. ఆయన అంతా విన్నారు. తర్వాత, "వేళకి అన్నం తింటున్నావా?" అన్నారు. ఇన్నాళ్లూ నేను భయపడింది ఈ మనిషికా అని గోడకు ఆనుకుని ఏడ్చేశాను. ఎస్తేరు తమ్ముడు చెప్పిన ఒక చిన్న కంపెనీలో, ఎండలు ముదిరాక, మునుపటికన్నా తక్కువ జీతానికి చేరాను. నరికిన వంగ మొక్కల్లో సగం ఎండిపోయాయి. మిగతా సగం అదే ఎండల్లో చిగురించి చిన్న చిన్న కాయలు కాశాయి, వంకరగా, గట్టిగా. కూర వండితే గింజలు పంటికి తగిలాయి. సుగుణమ్మా నేనూ మెతుకు మిగల్చకుండా తిన్నాం.

మా అమ్మాయికి ఐదేళ్లప్పుడు మేం మోకిలకు మారాం. చాలా ఏళ్ల తర్వాత సుగుణమ్మకు కిడ్నీలు పాడయ్యాయి. దవాఖానలో చూడబోతే, వార్డులో అందరికీ తన జబ్బు సంగతి వివరంగా చెప్పి, వాళ్ల సంగతులు వింటోంది. నన్ను చూసి, "వచ్చినవా? ఈమె పేరు లచ్చమ్మ, ఈమెకు గూడ నా రోగమే" అని పక్క మంచం మనిషిని పరిచయం చేసింది. నేను ఆవిణ్ని చూడడం అదే చివరిసారి.

పోయిన నెల మా అమ్మాయి కాలేజీ నుంచి వచ్చి భోజనానికి కూర్చుంది. ఇంటర్ చదువుతోంది. అన్నం కలుపుకుంటూ, "అమ్మా, ఫిజిక్స్ తప్పాను" అంది. మా ఆయన తినడం ఆపి నా వైపు చూశారు. "అర్థం కావట్లేదా?" అని అడిగాను. కావట్లేదంది. అప్పుడు దానికి ఏడుపొచ్చింది. నేను కుర్చీ దగ్గరికి జరుపుకున్నాను. సుగుణమ్మ మొహం మా అమ్మాయికి సరిగా గుర్తు కూడా లేదు. అయినా ఫిజిక్స్ తప్పానని చెప్పేటప్పుడు దాని గొంతు తగ్గలేదు.