నలభై మందికి ఒక చెక్క బిళ్ళ

ఒనొదెరా కియొనోకి యాభై ఎనిమిదేళ్ళు. షియొగామా రేవు పక్కన చేపముద్దల ఫ్యాక్టరీలో ముప్ఫై తొమ్మిదేళ్ళుగా నిలబడే ఉంది. కూర్చోవడానికి అక్కడ స్టూలు లేదు. ఆ సంగతి మీదే ఆవిడ పద్నాలుగు తంకాలు రాసింది.

తంకా అంటే చిన్న జపాను పద్యం: ఐదు పాదాలు, ముప్ఫై ఒక్క అక్షరాలు. అంతకు మించితే తంకా కాదు. ఎప్పుడో ఉల్లికాడలు చుట్టి తెచ్చిన పత్రిక కాగితంలో పాఠకుల తంకాలు చదివి, ఈ మాత్రం నేనూ రాయగలననుకుంది. అప్పటి నుంచి పదకొండేళ్ళుగా వారానికో పోస్టుకార్డు పంపుతూనే ఉంది. ఒక్కటీ అచ్చు కాలేదు గాని చెయ్యి మాత్రం అలవాటు పడిపోయింది. ఏం రాసినా ముప్ఫై ఒకటి దగ్గరే ఆగేది.

"ఉప్పు ఎక్కడుందో రాసిపెట్టవే అంటే పద్యం రాసిపెడతావా?" అని మొగుడు మొరియో ఒకసారి లబలబలాడాడు. "మూడు పాదాలు మబ్బుల మీదే! నాలుగో పాదంలో కూడా ఉప్పు ఊసే లేదు!"

"ఐదో పాదంలో అలమర ఉంది. అంతదాకా చదవలేకపోతే చప్పగా తిను."

కియొనో లైనులో నలభై మంది ఆడవాళ్ళు. గోడకి ఒక మేకు, ఆ మేకుకి ఒక చెక్క బిళ్ళ. బిళ్ళ మెళ్ళో వేసుకున్న మనిషి మాత్రమే టాయిలెట్‌కి వెళ్ళాలి. ఆవిడ తిరిగొచ్చి దాన్ని మేకుకి తగిలించేదాకా మిగతా ముప్ఫై తొమ్మిది మందీ చేపముద్దల వంక చూస్తూ, నీళ్ళతో సంబంధం లేని విషయాలేవైనా ఆలోచించుకోవాలి. ఆఫీసు గదిలో కూర్చునే మగవాళ్ళకి ఏ బిళ్ళా లేదు. వాళ్ళ కడుపుల్లో మాత్రం ప్రత్యేకంగా ఏ చెరువు తవ్వించారో కంపెనీ ఎన్నడూ చెప్పలేదు.

రెండో బిళ్ళ కావాలని కియొనో మూడేళ్ళుగా అడుగుతోంది. నెలకొకసారి ప్రతి మనిషీ ఒక సలహా రాసి పెట్టెలో వేసి తీరాలని రూలు. ప్రతి సలహాకీ జవాబివ్వాలని ఇంకో రూలు. సెక్షన్ ఇన్‌చార్జి కుమగాయ్ ప్రతిసారీ ఒకే జవాబు ఇచ్చేవాడు: "పరిశీలిస్తున్నాం."

"ఏం పరిశీలిస్తున్నారక్కా వీళ్ళు?" అనేది పక్కన నిలబడే చిబా ఫుసాఎ. "మొన్న తుమ్ము వస్తే ప్రాణం పోయిందనుకో."

సలహాలు రాయడానికి కంపెనీ ఇచ్చేవి కూడా కొత్త సంవత్సరానికి పంచగా మిగిలిపోయిన పోస్టుకార్డులే. కియొనో ఎప్పుడూ రెండు తీసుకునేది. ఒకటి కంపెనీకి, ఇంకోటి కవిత్వానికి. ఆ ఆదివారం వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఒకదాని మీద తంకా, రెండోదాని మీద బిళ్ళ గొడవ రాసింది. సిరా ఆరాక రెండూ బోర్లా పెట్టింది. ఇంతలో మిసో పులుసు పొంగితే పరిగెత్తి స్టవ్ ఆర్పి వచ్చి, ఒక కార్డు వెనక పత్రిక అడ్రసు రాసింది.

రాయాల్సిన కార్డు అది కాదు.

సోమవారం సలహాల పెట్టె తెరిస్తే కుమగాయ్ చేతికి తగిలింది ఇది:

కిటికీ తీస్తే
సముద్రం లోపలికి
వచ్చి కూర్చుంది
నా పక్క బల్ల మీద
టోపీ కూడా లేకుండా

కుమగాయ్ కవిత్వం మనిషి కాడు, పరిశుభ్రత మనిషి. కార్డు పట్టుకుని లైను దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

"ఒనొదెరా గారూ! టోపీ లేకుండా లోపలికొచ్చింది ఎవరండీ?"

కార్డులు తారుమారయ్యాయని కియొనోకి అప్పుడు తెలిసింది. "అది... సముద్రమండీ."

కుమగాయ్ కార్డు ఇంకోసారి చదివాడు. "సముద్రమైనా సరే, టోపీ రూలు అందరికీ ఒకటే."

కిటికీకి మేకులు కొట్టించాడు. కియొనోకి ఆ నెల ఉత్తమ సలహా సర్టిఫికెట్ ఇప్పించాడు. బిళ్ళ సంగతి పత్రిక పాలైంది కాబట్టి ఆ నెలకి "పరిశీలిస్తున్నాం" కూడా దక్కలేదు.

మూడు వారాల తర్వాత పత్రికలో, పేజీకి తలమానికంగా, ఆవిడ పేరూ ఊరూ వేసి మరీ అచ్చయింది:

నలభై మంది
ఒకే చెక్క బిళ్ళకై
కాళ్ళు ముడేసి
నిలబడి ఉన్నాము
ఇంకో బిళ్ళ ఇవ్వండి

కింద, పత్రికకి పద్యాలు ఎంపిక చేసే పెద్దాయన వ్యాఖ్య: "చెక్క బిళ్ళ అంటే మానవజాతి ఎదురుచూసే విముక్తి. ముడేసిన కాళ్ళలో ఎంతటి సంయమనం!"

"సంయమనమా నా మొహమా!" అని ఫుసాఎ పడీపడీ నవ్వి, అంతలోనే నవ్వు ఆపేసి బిళ్ళ కోసం పరిగెత్తింది.

కుమగాయ్ మండిపడతాడనుకున్నారు. హెడ్డాఫీసు వాళ్ళు ఫోన్ చేసి మెచ్చుకున్నారట, ఆయన ఛాతీ రెండింతలైంది. ఆ ముక్క కత్తిరించి, ఫ్రేము కట్టించి, సరిగ్గా మేకు పైన తగిలించాడు.

"అయితే రెండో బిళ్ళ ఇస్తారా?" అంది కియొనో.

"పద్యంలో ఒకటే అని ఉంది కదండీ. రెండోది పెడితే పద్యం అబద్ధమైపోదూ?"

"ఆఖరి పాదం కూడా చదవండి మరి."

"పరిశీలిస్తున్నాం."

పదకొండేళ్ళకి పద్యం అచ్చయితే నలభై మందికి దక్కింది గోడ మీద ఒక ఫ్రేము. కియొనోకి ఒళ్ళు మండింది.

ఆ వారమే ఊరి లైబ్రరీ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. తంకాల ప్రదర్శన పెడుతున్నాం, పద్యం పక్కన పెట్టడానికి మీ వస్తువేదైనా ఇస్తారా అని.

"నా దగ్గరేముందమ్మా? ఆ బిళ్ళే అడుగు," అంది కియొనో. "మా ఇన్‌చార్జి గారిని సాహిత్యాభిమాని గారూ అని పిలువు. ఇచ్చేస్తారు."

ఇచ్చేశాడు. పట్టుగుడ్డలో చుట్టి, కోటు వేసుకుని, స్వయంగా తీసుకెళ్ళి మరీ ఇచ్చాడు.

మర్నాడు పది గంటలకి మేకు ఖాళీ.

"అక్కా, బిళ్ళేది?"

"లైబ్రరీలో."

"మరి నేనెలా వెళ్ళేది?"

"కాళ్ళతో," అంటూ కియొనో చేతి తొడుగులు తీసి ముందు నడిచింది. వెనకాల ఫుసాఎ. ఆ వెనక ఒకరొకరుగా అందరూ.

కుమగాయ్ రూళ్ళ పుస్తకం మూడుసార్లు తిరగేశాడు. బిళ్ళ ఉన్నవాళ్ళు వెళ్ళాలని ఉంది. బిళ్ళే లేకపోతే ఏం చెయ్యాలో ఎక్కడా లేదు. కొత్త బిళ్ళ కోసం హెడ్డాఫీసుకి అర్జీ పెట్టాడు. "పరిశీలిస్తున్నాం" అని జవాబొచ్చింది. లైబ్రరీ వాళ్ళేమో బిళ్ళని అద్దాల పెట్టెలో శాశ్వతంగా ఉంచుకుంటామన్నారు. ఎంతైనా సాహిత్యాభిమాని, కాదనలేకపోయాడు.

ఖాళీ మేకు మీద కియొనో రాసిన తంకా అచ్చు కాలేదు. ఆవిడకి దిగులేమీ లేదు. రోజూ పది గంటలకి టాయిలెట్లో తలుపేసుకుని, అక్షరానికో వేలు మడుస్తూ ఇంకోటి అల్లుతోంది. ఆ ఫ్యాక్టరీలో ఆడవాళ్ళు కూర్చోవడానికి ఉన్న చోటు ఇప్పటికీ అదొక్కటే.