పత్తి గింజలు తీసుకుంట కూసున్న బాపు

మా బాపు గోదావరిఖనిల బొగ్గుబాయిల పనిచేసి రిటైరయిండు. అమ్మ పోయినంక మతిమరుపు జబ్బు మొదలైంది. ముందు నా పేరు మర్చిపోయిండు, తర్వాత నేను కూతురినన్నదే మర్చిపోయిండు. డ్యూటీ మాత్రం మర్వలేదు. తెల్లారితే "ఫస్టు షిఫ్టుకు ఆలస్యమైతాంది" అని చెప్పుల్లేకుండ బయటపడేటోడు. ఒకనాడు బొగ్గు లారీలు తిరిగే రోడ్డు నడిమిట్ల నిలబడ్డడు. లారీ డ్రైవరే దిగి, చెయ్యి పట్టుకొని ఇంటికి తెచ్చిండు. ఇగ నాతోని కాదని, మంచిర్యాలల ఇట్లాంటోళ్లను చూసుకునే హోమ్‌ల చేర్పిచ్చిన. వాపసు వచ్చేటప్పుడు గోదావరి బ్రిడ్జి మీద బస్సుల ఏడుపు ఆగలేదు.

అక్కడ పొద్దు వాలితే బాపు గట్టిగ కేకలేసి ఒర్రుడు షురూ చేసేటోడు. తలుపులు గుంజుడు, ఆపవోయినోళ్లను కొట్టుడు. డాక్టరు ఒక గోలీ రాసిండు. ఒర్రుడు ఆగింది. నాకు పానం నిమ్మళమైంది. కానీ రానురాను బాపు కుర్చీల తలవాల్చి ఉండే మనిషయిండు. అన్నం ముద్ద బుగ్గలనే ఉండేది. లేపి నడిపిస్తే కాళ్లు తడబడేవి.

"సార్, ఒర్రినప్పుడన్న మా బాపు ఉండె. ఇప్పుడు ఆ కుర్చీల ఎవరూ లేరు" అన్న డాక్టరుతోని.

ఆయన బాపు చేతులు లేపి చూసిండు, బిగుసుకపోయి ఉన్నయ్. "గోలీ తగ్గిద్దాం. ఒక్కసారే బంద్ చెయ్యొద్దు, మెల్లగ. కానీ మనసు నిలిచేటట్టు ఆయనకు ఏదన్న కావాలె. చేతికి తాకేది, వాసన చూసేది, ఆయనకు అలవాటైంది" అన్నడు.

బాయి మనిషి కదా అని అక్కడి సిస్టర్ ఒక బొగ్గు పెళ్ల తెప్పిచ్చి బాపు చేతిల పెట్టింది. వాసన చూసిండో లేదో, మొఖం పాలిపోయింది. "పైకప్పు కూలుతాంది, ఉరుకుండ్రి!" అని మంచం కిందికి దూరిండు. సిస్టర్, నేను నేల మీద కూసొని ఎంతోసేపు బతిమిలాడితే గాని బయటికి రాలేదు.

ఈ సంగతి నస్పూర్ల ఉండే మా మేనత్తకు చెప్పిన. అత్త కండ్లు తుడుచుకుంది.

"బాయిల కప్పు కూలి మా అన్న పక్కనున్న మనిషి పోయిండు బిడ్డా. మీకెన్నడు చెప్పలేదా? నౌకరి రాకముందు మాకు పత్తి చేనుండె. మమ్మల్ని కన్న మా అవ్వ పక్కన కూసొని ఇద్దరం గింజలు తీసేటోళ్లం. అప్పుడు అన్న ఎంత నవ్వేటోడో."

మర్రోజు అత్త సంచిల గింజపత్తి తెచ్చింది. బాపు ఒడిల పోసినం. శానా సేపు చూడనేలేదు. తర్వాత బొటనవేలు కదిలింది. పత్తిని విప్పి, గింజను పట్టి గుంజిండు. ఇంకొకటి. బాయిల పారలు, సబ్బలు పట్టిన ఆ మొద్దు వేళ్లు అంత మెత్తగ కదులుతయని నాకు తెల్వదు.

తల లేపి నన్ను చూసిండు. "అవ్వా, గీ గింజలు యాడ పోయాలె?"

అత్త నా మోచెయ్యి తట్టింది.

"నా కొంగుల పొయ్ కొడుకా" అన్న.

అట్లని జబ్బు నయం కాలేదు. కొన్ని సాయంత్రాలు పత్తినంతా విసిరికొట్టి ఒర్రేటోడు. అసొంటి రోజు సిస్టర్ గోలీ ఇచ్చేది, నేను కాదనలేదు. మొత్తానికి బంద్ కాలేదు గాని, సగానికి తగ్గింది. ముద్ద మింగుడు వచ్చింది. నా భుజం పట్టుకొని వరండా దాక నడిచేటోడు. ఒకసారి అన్నం తినిపిస్తాంటే నా చెయ్యి ఆపి "నువ్వు తిన్నవా?" అని అడిగిండు. నన్నడిగిండో, వాళ్లవ్వను అడిగిండో తెల్వదు. తిన్న అని చెప్పిన.

పోయిన చలికాలం ఛాతిల కఫం పట్టి దవాఖానల పానం పోయింది. ఆఖరు రోజు కూడ కండ్లు తెరిచే ఉన్నడు. నేనెవరో తెల్వకున్నా, పక్కన ఒకరున్నరని బాపుకు తెలుసు. చెయ్యి ఇడువలేదు.