కోతపండుగ చేప

సియాటిల్‌కి ఉత్తరాన సముద్రపు పాయలో వలలు దించి కట్టిన దొడ్లలో సాల్మన్ చేపల్ని పెంచే కంపెనీలో ఆనందబాబు సూపర్‌వైజరు. బందరు దగ్గర పల్లెవాడు. సముద్రాన్ని ఊడ్చెయ్యకుండానే జనానికి చేప పెట్టవచ్చని అతని నమ్మకం. ఎనభై ఏడులో కంపెనీని బతిమాలి ఒక్క దొడ్డి తన మేత పద్ధతిలో పెంచాడు. అది నిలబడితే మిగతా దొడ్లకీ అదే మేత అన్నారు.

అతని చొక్కా ఉతికేటప్పుడల్లా భార్య రూతు వేళాకోళం చేసేది.

“ఇది నెత్తళ్ళ పొడి వాసన కదండీ! మా నాయనమ్మ పులుసు పెట్టే చేపని ఆ దొరగారి చేపకి మేపుతున్నారా?”

“అందుకే తగ్గిస్తున్నానే. నా దొడ్లో సగం సోయా.”

“అయ్యో, అయితే కోతపండక్కి తెండి. సోయా తిన్న చేప శాకాహారమేగా, పాస్టర్ గారు పప్పులో వేసి వండిస్తారు!”

నవ్వేశాడు గానీ, పండక్కి తెమ్మన్న మాట మనసుని పట్టుకుంది. తొలివలలో పడ్డ చేపని చర్చి బల్లమీద పెట్టకుండా ఊళ్ళో తన నాన్న ఒక్క చేపా అమ్మేవాడు కాదు. ఇక్కడి తెలుగువాళ్ళ చర్చిలో తొలిపంట అర్పించే కోతపండుగ ఆదివారం. దొడ్లన్నీ శుక్రవారమే అమ్మకానికి ఖాళీ చెయ్యాలి. ఆనందబాబు తన దొడ్డిని మాత్రం సోమవారానికి ఆపాడు. ముందు దేవుడికి, తర్వాతే బజారుకి.

శనివారం గాలి పడిపోయి ఎండ మండింది. ఆదివారం పొద్దున చర్చికి తొలి చేప తేవడానికి పడవలో వెళ్ళేసరికి నీళ్ళు టీ డికాషన్‌లా ఉన్నాయి. ఎండకి పొంగిన విషపు నాచు. చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయి. అతను వంగి ఒకదాన్ని రెండు చేతులతో ఎత్తాడు. మొప్పలు ఒకసారి కదిలి ఆగిపోయాయి. మధ్యాహ్నానికి దొడ్డి నిండా తెల్లటి పొట్టలే.

“శుక్రవారం ఎందుకు పట్టలేదు?” అన్నాడు మేనేజరు కార్ల్‌సన్.

“చర్చిలో... మొదటి చేప ఇవ్వాలని.”

“ప్రేయర్ బాగా చేశావా మరి?”

“మేత తప్పు కాదు సర్. నీళ్ళు—”

“పై ఆఫీసుకి చచ్చిన చేపలే కనిపిస్తాయి, ఆనంద్. నీ సోయా మేత ఇంతటితో సరి.”

నీళ్ళు తేటపడి దొడ్లలో కొత్త పిల్లల్ని వదిలాక లారీ నిండా పాత నెత్తళ్ళ మేత దిగింది. బస్తాలు అతనే కోశాడు. అన్ని దొడ్లలోనూ అతనే చల్లాడు.

ఆ సాయంత్రం రూతు చొక్కా అందుకుని అలవాటుగా ముక్కు దగ్గర పెట్టుకుంది. మళ్ళీ నిండా నెత్తళ్ళ వాసనే. బకెట్లో ముంచి, నీళ్ళు మారుస్తూ చాలాసేపు ఉతుకుతూనే ఉంది.