జర బాకీ ఉంచు బిడ్డా

నల్లగొండలో మేము కొన్న ఇంటికి రెండు గదులు, వాకిట్లో ఒక వేపచెట్టు, ఇరవై ఏళ్ల అప్పు ఉన్నాయి. గదులూ చెట్టూ వచ్చినవాళ్లకు చూపించేదాన్ని. అప్పు మాట వస్తే మాత్రం నాకు తల కొట్టేసినట్టుండేది. ఆఫీసులో ఎవరైనా "ఇల్లు సొంతమేనా?" అని అడిగితే "ఆఁ" అని ఫైల్లో తల దూర్చేదాన్ని.

కొన్నాళ్లు కిస్తీలు కట్టాక, ఎంత తీరిందో చూద్దామని బ్యాంకుకు పోయాను. అప్పు పెద్దగా తగ్గలేదని కౌంటరులో ఆయన చెప్పింది విని, నా డబ్బంతా ఎటు పోయిందని గొడవపడ్డాను. పాపం, ఆయన ఓపికగానే చెప్పాడు. మొదటి ఏళ్లలో కిస్తీలో ఎక్కువ భాగం వడ్డీకే పోతుందట. కిస్తీ కాకుండా అదనంగా అసలులో కడితే వడ్డీ తగ్గుతుందట, అప్పు ముందే తీరుతుందట. ఆ రోజు నుంచి నాకు పిచ్చి పట్టింది. కరువు భత్యం బకాయిలు వస్తే అసలుకే. చిట్టీ ఎత్తితే అసలుకే. బతుకమ్మకు చీర కొనకుండా మిగిలింది అసలుకే. మా ఆయన అన్నం ముందు కూర్చుని, "కూరల ఉప్పు లేదేందే, అది గూడ అసలుల కట్టినవా?" అనేవాడు.

మా బాపు పోచంపల్లిలో మగ్గం నేస్తాడు. సేటు నూలు ఇస్తాడు, బాపు చీరలు నేసి ఇచ్చి కూలి తెచ్చుకుంటాడు. సేటు దగ్గర మా ఇంటికి ఎప్పుడూ బాకీ ఉండేది. ఇంటికి రేకులు మార్చినప్పుడు కొంత, అమ్మను దవాఖానలో చేర్చినప్పుడు కొంత. దానికి వడ్డీ లేదు. కూలిలోంచి కొంచెం కొంచెం తెగుతుంది, తీరబోయే వేళకు మళ్లీ ఏదో అవసరం పడుతుంది.

ఒకసారి బాపు మా ఇంటికి వచ్చినప్పుడు, అప్పు ఎంత జోరుగా తీరుస్తున్నానో గొప్పగా చెప్పాను. మెచ్చుకుంటాడనుకున్నాను. ఆయన ముఖం చిన్నబోయింది.

"గంత గనం కట్టకు బిడ్డా. జర బాకీ ఉంచు."

"ఎందుకు బాపూ? జీవితమంత వడ్డీ కట్టుకుంట కూసోవాల్నా?"

"అంతా కట్టేస్తే తెగదెంపులు చేసుకున్నట్టుంటది. రేపు ఆపదొస్తే మల్ల వాళ్ల గడప ఎట్ల తొక్కుతవ్?"

మర్నాడు ఆఫీసులో చాయ్ తాగుతూ దీన్ని జోకులా చెప్పాను. బాపు గొంతును అనుకరించి మరీ చెప్పాను. అందరూ నవ్వారు. అందరికన్నా గట్టిగా నేనే నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

అంతటితో ఆగినా బాగుండేది. ఎవరికో అంత కడుతున్నదాన్ని, కన్నతండ్రి బాకీ తీర్చలేనా అనిపించింది. ఉన్న మాట చెప్పాలంటే, అందులో బాపు మీద ప్రేమ కంటే బాకీ ఉన్న ఇంటి పిల్లననే నామోషీయే ఎక్కువ. అసలులో కడదామని దాచిన డబ్బును బ్యాంకు నుంచి తీసుకుని, ఒక ఆదివారం ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి నేరుగా సేటు దుకాణానికి పోయాను. రబ్బరు బ్యాండు వేసిన నోట్ల కట్టను ఆయన ముందు పెట్టాను.

"మీ బాపును అడిగినవా బిడ్డా?" అన్నాడు సేటు.

"మంచి పనికి అడుగుడెందుకు?" అన్నాను. ఆయన కట్ట తీసుకుని సొరుగులో పెట్టాడు.

మా వాడలో బాకీ మొత్తం కట్టడమంటే, నీ పని ఇక చెయ్యను, ఇంకో సేటు దగ్గరికి పోతున్నానని చెప్పడం. ఇది నాకు తెలియనిది కాదు. చిన్నప్పటి నుంచి వింటూ పెరిగిన మాటే. బ్యాంకు లెక్క నెత్తికెక్కి దాన్ని మరిచిపోయాను.

మగ్గం మీదున్న చీరలు అయిపోయాయి. సేటు కొత్త నూలు పంపలేదు. అమ్మ ఫోన్ చేసింది.

"ఏం జేసినవే? నీ బాపు పొద్దుగాల్నే తానం జేసి మగ్గం గుంతల కాళ్లు పెట్టి కూసుంటుండు. మగ్గం మీద పోగు లేదు. ఏ సేటు దగ్గర చేరినవని ఒకరు, బిడ్డ సొమ్ముతోని కట్టినవటగదా అని ఒకరు. మనిషి బయటికెళ్తలేడు."

నేను పోయేసరికి బాపు గుంతలోనే ఉన్నాడు. తిడితే ఎదురు తిట్టి తేలికపడేదాన్ని. ఆయన తిట్టలేదు. తువ్వాల భుజాన వేసుకుని "నడువు" అన్నాడు.

సేటు దుకాణంలో నూలు కోసం వచ్చినవాళ్లు నలుగురు ఉన్నారు. వాళ్ల ముందే బాపు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "పిల్లకు తెల్వక జేసింది సేటూ. గా బాకీ మల్ల ఇయ్యి. దానిమీద ఇంకింత గూడ ఇయ్యి. నేను యాడికీ పోనని నీకు నమ్మకం ఉండాలె."

సేటు నావైపు తిరిగాడు. "నువ్వేమంటవ్ బిడ్డా?"

వయసు మళ్లిన తండ్రి అప్పు కోసం అడుక్కుంటుంటే, సర్కారు కొలువు చేసే బిడ్డను నేను పక్కన నిలబడి ఉన్నాను. ఆ నలుగురూ నన్నే చూస్తున్నారు. "ఇయ్యి సేటూ" అన్నాను.

ఆయన సొరుగు తెరిచి నా కట్టనే తీశాడు. రబ్బరు బ్యాండు కూడా తియ్యలేదు, మేము వస్తామని ఆయనకు తెలుసు కాబోలు. దానిమీద ఇంకొన్ని నోట్లు పెట్టి ఇచ్చి, "రేపొచ్చి నూలు తీస్కపో" అన్నాడు. బాపు ఆ నోట్లను కళ్లకద్దుకున్నాడు. ఆయన ముఖంలోకి నెత్తురు తిరిగి వచ్చింది.

బస్టాండులో బాపు ఆ డబ్బంతా నా సంచిలో పెట్టాడు. "నాకు పనే గావాలె. ఆడబిడ్డ సొమ్ము నా ఇంట్ల ఉండొద్దు. సేటు దానిమీద ఇచ్చినయి నీకు పుట్టింటి ఒడిబియ్యం అనుకో. నీ అసలుల కట్టుకో." వద్దన్నాను. ఇంకా గట్టిగా అనవలసింది. ఇంతలో బస్సు వచ్చింది, ఎక్కాను.

సోమవారం కౌంటరులో ఆయన "ఇది కూడా అసలుకేనా మేడం?" అని అడిగాడు. అవునన్నాను. ఆ నెల మా ఇంటి అప్పు తగ్గింది. బాపు బాకీ పెరిగింది.

ఇప్పుడు ఎవరైనా ఇల్లు సొంతమేనా అంటే, అప్పుందని తల ఎత్తే చెబుతాను. ఎవరెవరు కడుతున్నారో మాత్రం చెప్పను.