రేకు బాబాయ్ కుడిచెయ్యి

రేకు బాబాయ్ చేసేవి ఇంటికప్పు రేకులు కావు. సబ్బుబుడగ పొరంత పలచటివి, ఊపిరి తగిలినా చిరిగేవి. ప్రయోగశాలలో ఆ రేకు మీదికి యంత్రం కణాలను విసురుతుంది. అవి పరమాణువుల కేంద్రకాలకు తగిలి ఏ పక్కకు ఎన్ని చెదిరాయో లెక్కపెడతారు. దాన్నిబట్టి, నక్షత్రాలు పేలినప్పుడు బరువైన మూలకాలు ఎలా పుట్టాయో తేల్చాలని ఆ ప్రయోగం నడిపే మేడం పదకొండేళ్ళుగా తంటాలు పడుతోంది.

"మూలకాల పుట్టుక వెతుకుతారట, ముక్కుమీది కళ్ళజోడు మాత్రం దొరకదు," అని ఇంటావిడ దెప్పేది. ఏడాదిగా ఆవిడ ఆయనకు టీ సగం గ్లాసే పోస్తోంది. నిండా పోస్తే కుడిచెయ్యి వణికి ఒలికిపోతుంది. ఆ సంగతి గడప దాటలేదు.

శుక్రవారం యంత్రాన్ని శాశ్వతంగా ఆపేస్తున్నారు. రేకులు చేసే పొడి ఇంకొక్క రేకుకు సరిపోయేంతే మిగిలింది. బుధవారం బాబాయ్ ఎడమచేత్తో కుడి మణికట్టు గట్టిగా పట్టుకుని, నీళ్ళమీద తేలుతున్న రేకును చట్రం మీదికి ఎత్తాడు. ఒక్క ముడత లేదు. ముప్ఫయ్యేళ్ళలో అంత మంచి రేకు ఆయన చేతిలో పడలేదు.

దాన్ని ఇనుపపెట్టెలో బిగించాక లోపలి గాలి తోడెయ్యాలి. అందుకు కవాటం వెంట్రుకవాసి చొప్పున తిప్పాలి. అది రెండు గొట్టాల సందులో ఉంటుంది, ఒక్క చెయ్యే పడుతుంది. రేకు చేసినవాడే తిప్పడం అక్కడి కట్టుబాటు. కుదరనివాడు 'మీరు తిప్పండి' అంటే చాలు, ఎవరూ కారణం అడగరు.

"బాబాయ్ గారూ, నన్ను తిప్పమంటారా?" అంది మేడం.

"నా చేతికేమొచ్చిందమ్మా. నువ్వు గడియారం చూడు."

కవాటం తిప్పుతుంటే చెయ్యి ఒక్కసారి ఎగిరింది. గాలి బుస్సుమంది. అద్దంలోంచి చూస్తే చట్రం ఉంది, రేకు లేదు.

మేడం వంగి ఖాళీ చట్రాన్ని చూసింది. చివరికి, "రేకులోనే ఏదో లోపం ఉన్నట్టుంది, మీరేం చేస్తారులెండి," అని లాగ్‌బుక్‌లో అదే రాసింది. బాబాయ్ కుడిచెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

"నిలిచిందా?" అంది ఇంటావిడ, ఆయన చెప్పులు విప్పకముందే.

"చిరిగింది."

"చెయ్యి సంగతి చెప్పారా?"

"రేకు బాగాలేదని రాసుకున్నారు."

ఆవిడ గ్లాసులో సగానికి టీ పోసింది. ఆయన చేతివైపు ఓసారి చూసి, అందులోంచి ఇంకొంచెం వెనక్కి వంపేసింది.